కింద మెట్టు మీద ఎవరున్నారు?

అమ్మాయ్,

నీ కామిక్స్ స్క్రిప్టు మొన్న మంగళవారం అందింది. 24 పేజీలు. ఒక్కో పేజీని ఫ్రేములుగా విడదీసి, బుడగల్లో మాటలు ఎర్ర సిరాతో రాసి, క్లిప్పు పెట్టి మరీ పంపావు. ఈ రోజుల్లో అందరూ ఫోన్లో పీడీఎఫ్ పడేసి 'చూశారా మేడమ్' అని పది నిమిషాలకోసారి అడుగుతారు. చెన్నైలోనే షోళింగనల్లూరు నుంచి వెస్ట్ మాంబళం దాకా కాగితాలు కొరియర్లో వేశావు, అందుకే నీ మీద సగం అభిమానం పుట్టింది. అది కాస్తా పదిహేడో పేజీ దగ్గర పోయి, రాత్రి పడుకునే ముందు రెట్టింపై తిరిగొచ్చింది. ఎందుకో చెప్తాను.

నీ ఉత్తరం 'గౌరవనీయులైన మేడమ్ గారికి' అని మొదలైంది. చివర్లో తొందరలో 'చదివి చెప్పు పిన్నీ' అని రాసేసి, 'చెప్పు' కొట్టేసి 'చెప్పండి' అని దిద్దావు. పిన్నీ అనే అను. ఆ కొట్టివేతతో నాకు తర్వాత పనుంది.

కథ ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను, తప్పుంటే దిద్దు. విజయవాడ నుంచి వచ్చి ఓఎంఆర్లో, అదే ఐటీ కంపెనీల రోడ్డులో, ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయి తటిల్లత, చేతుల్లోంచి మెరుపులు పుట్టిస్తుంది. చింతాద్రిపేటలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల తరంగిణి, నీళ్లు ఆమె చెప్పినట్టు వింటాయి. డిసెంబరు వానలు. వేళచ్చేరి మునిగింది. పళ్లికరణై చిత్తడినేల పూడ్చి మేడలు కట్టిన ఆసామి ఒక ఇనుప రాక్షసుణ్ణి ఊరి మీదకి వదిలాడు. మన ఆడపిల్లలిద్దరూ ఒకరినొకరు శత్రువనుకుని నాలుగు పేజీలు కొట్టుకున్నారు. ఆ తర్వాత చేతులు కలిపారు, రాక్షసుడు చచ్చాడు. అంతేగా?

పేర్లు శ్రావ్యంగా ఉన్నాయి. కానీ పీకల్లోతు నీళ్లలో ఉన్న మనిషి 'తటిల్లతా, రక్షించు' అని అరవడు. అరిచేలోపు మునిగిపోతాడు. ఇంట్లో పిలిచే పేర్లు కూడా ఒకటి చొప్పున పెట్టు.

ఇక పదిహేడో పేజీ. పేజీ నిండా ఒకే బొమ్మ. తరంగిణి వీధిలో నీళ్లన్నీ గోడలా లేపింది, తటిల్లత అందులోకి మెరుపు వదిలింది, రాక్షసుడు మాడి మసైపోయాడు. తలుచుకుంటే ఒళ్లు ఝల్లుమంటుంది. కానీ దానికి ముందు పేజీ రెండో ఫ్రేములో నువ్వే రాశావు కదా, 'మోకాళ్ల లోతు నీళ్లలో జనం. ఒకాయన నెత్తి మీద పసిపిల్ల.' వాన నీళ్లు, అందులో మురుగు, ఉప్పు, బురద. కరెంటు పాకడానికి ఇంకేం కావాలి? నీ హీరోయిన్లిద్దరూ కలిసి రాక్షసుడితో పాటు వేళచ్చేరినంతా చంపేశారమ్మా. వీధిలో నీళ్లు పెరిగితే కరెంటు వాళ్లు ముందు ట్రాన్స్‌ఫార్మర్ ఆపుతారు. లైన్‌మన్‌కి తెలిసిన పాటి సంగతి సూపర్ హీరోయిన్‌కి తెలియకపోతే ఎలా?

ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. ఆ తర్వాత కాగితం పక్కన పెట్టి ఆలోచిస్తే, నువ్వు బంగారం తొక్కుకుంటూ దాటిపోయావని అర్థమైంది. మెరుపు పిల్ల, నీళ్ల పిల్ల పక్కపక్కన నిలబడితే ఒకరి శక్తి ఇంకొకరికి గండం. తరంగిణి నీళ్లలో ఉన్నంతసేపూ తటిల్లత చిటికెన వేలు కూడా విదల్చకూడదు. తటిల్లత చెయ్యి ఎత్తాలంటే తరంగిణి ముందు నీళ్లు పక్కకి తొయ్యాలి, నేల ఆరాలి, జనం మెట్లెక్కాలి. అంతసేపూ ఆ మెరుపు చేతుల్ని మడుచుకుని కూర్చోవాలి. నీ కథంతా ఇక్కడే ఉంది. ఇద్దరు కలిస్తే బలం రెట్టింపవుతుందని లెక్కేసుకుని రాశావు. రెట్టింపయ్యేదైతే రాక్షసుడు ఆరో పేజీలోనే పోవాలి, మిగతా 18 పేజీలూ దండగ.

నిప్పూ నీళ్లూ ఎదురుపడటం కామిక్స్‌లో చాలా పాత సంగతి. వేర్వేరు కథల వీరులు ఒకే కథలో తలపడ్డ తొలి పెద్ద సందర్భాల్లో ఒకటి 1940లో, మార్వెల్ మిస్టరీ కామిక్స్‌లో. ఒకడు హ్యూమన్ టార్చ్, ఒళ్లంతా మంట. రెండోవాడు నేమోర్, సముద్రపు మనిషి. నేమోర్ న్యూయార్క్ మీద పడతాడు, టార్చ్ ఆపడానికి వెళ్తాడు, ఎంతకీ ఎవరూ గెలవరు. చివరికి బెట్టీ డీన్ అనే పోలీసు అమ్మాయి మధ్యలోకి వచ్చి సర్దిచెప్తే గానీ ఆ గొడవ తేలలేదు. ఆ అమ్మాయి ఊసు ఇప్పుడు ఎవరెత్తుతారు?

మరుసటి ఏడు, 1941లో, వండర్ ఉమన్ వచ్చింది. కొన్నాళ్లకి ఆమెని జస్టిస్ సొసైటీ అనే వీరుల సంఘంలో చేర్చుకున్నారు. ఏ పదవిచ్చారనుకున్నావు? సెక్రటరీ. మగవాళ్లంతా యుద్ధాలకి పోతుంటే కొండలు పిండి చేసే మనిషి మీటింగుల మినిట్స్ రాసుకుంది. నవ్వకు. నీ స్క్రిప్టులో ఆ ఉద్యోగం తరంగిణికి ఇచ్చావు. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. తటిల్లతకి 61 బుడగలు, తరంగిణికి 23. ఆ 23లో తొమ్మిది సార్లు ఆమె అన్న మాట 'ఇప్పుడేం చేద్దాం?' అని. చింతాద్రిపేటలో పుట్టిన పిల్ల, ఏ కాలువ ఎక్కడ పొంగుతుందో చిన్నప్పటి నుంచీ చూసిన పిల్ల, రెండేళ్ల కింద ఊళ్లోకి వచ్చిన అమ్మాయిని అడగాల్సిన ప్రశ్నేనా అది? నువ్వు విజయవాడ అమ్మాయివి, తటిల్లతలో నువ్వున్నావు. అది సహజమే. కానీ రెండో మనిషిని కూడా లోపల నుంచి రాయాలి. ఆమె ఒక్కతే ఉన్న పేజీ ఒక్కటి కూడా లేదు నీ దగ్గర.

ఇలా ఇద్దరు వీరులు జట్టు కట్టే కథని టీమప్ అంటారు. నాకు తెలిసిన టీమప్ ఒకటుంది, అది చెప్తాను.

2015 డిసెంబరు 1. తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్ల వాన పడింది. చెంబరంబాక్కం చెరువు నుంచి సెకనుకి 29 వేల ఘనపుటడుగుల నీళ్లు వదిలితే అడయారు నది గట్లు దాటింది. జాలర్లు సముద్రం మీద తిరిగే పడవలు తెచ్చి వీధుల్లో నడిపారు. మా వెస్ట్ మాంబళంలో అప్పుడు నాది కింది వాటా. పై వాటాలో ఒక తమిళావిడ, మామి అంటాం, ఉండేది. నీళ్ల మోటారు స్విచ్చి ఎవరు ఎప్పుడు వెయ్యాలన్న తగువుతో ఇద్దరికీ ఆరు నెలలుగా మాటల్లేవు. మెట్ల మీద ఎదురైతే ఆవిడ గోడ చూసేది, నేను పిట్టగోడ చూసేదాన్ని.

ఆ రాత్రి నా వంటింట్లో నడుము దాకా నీళ్లు. నిండు గ్యాస్ బండ తేలి గోడకి కొట్టుకుంటోంది, టంగ్, టంగ్ అని. ఆవిడ టార్చి లైటు నోట కరుచుకుని మెట్లు దిగింది. ఆవిడ దగ్గర ఇండక్షన్ స్టవ్వుంది, కరెంటు లేదు. గ్యాసు అయిపోయి మూడు రోజులైంది. నా దగ్గర గ్యాసుంది, పెట్టుకోవడానికి నేల లేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మాట్లాడలేదు. చెరో పక్కా పట్టాం.

నీళ్లలో ఉన్నంతసేపూ బండ పసిపిల్లలా చెప్పినట్టు వచ్చింది. మెట్ల దగ్గరకి రాగానే దాని బరువు దానికి గుర్తొచ్చింది. దాదాపు 30 కిలోలు. ఆవిడ పై మెట్టు మీద, నేను కింద మెట్టు మీద. బీరువాలు మోసినవాళ్లని అడుగు, చెప్తారు, మెట్ల మీద భారమంతా కింద ఉన్నవాళ్ల మీదే పడుతుంది. ఆరు మెట్లకే నా మోచేతులు వణికాయి. మలుపు దగ్గర ఆవిడ బండ దించింది. నన్ను దాటుకుని కిందకి వచ్చి, కుచ్చిళ్లు పైకి దోపుకుని, 'ఇప్ప నీంగ మేల పోంగ' అంది. ఇప్పుడు మీరు పైకెళ్లండి అని. ఆరు నెలల్లో ఆవిడ నాతో అన్న మొదటి మాట అది. ఆ రాత్రి ఆవిడ రసం కాచింది, నేను నీళ్లలోంచి కాపాడుకొచ్చిన ఆవకాయ జాడీ మూత తీశాను. ఇల్లు ఆరాక మోటారు తగువు మళ్లీ మొదలైందనుకో, అది వేరే సంగతి.

నీ పేజీలు తిరగేస్తున్నంతసేపూ ఆ మెట్లే గుర్తొచ్చాయి. పెన్సిల్ తీసుకుని ప్రతి పేజీ మార్జిన్‌లో రాసుకో, ఇక్కడ కింద మెట్టు మీద ఎవరున్నారు? నేను రాసి చూశాను. పదకొండో పేజీ నుంచి ఇరవై రెండు దాకా కింద తరంగిణే ఉంది. తటిల్లత ఒక్కసారీ దిగలేదు. మలుపు లేని మెట్లు కట్టావు. మలుపు ఎక్కడ పెడతావో నీ ఇష్టం, పదమూడో పేజీలోనైనా సరే, ఇరవైలోనైనా సరే. కానీ దిగేటప్పుడు తటిల్లత లెక్చరు ఇవ్వకూడదు. మామి ఇవ్వలేదు.

ఇక కొట్లాట సంగతి. టీమప్ అంటే ముందు అపార్థం, దెబ్బలాట, ఆ తర్వాత స్నేహం అని ఒక వరస పడిపోయింది. 1976లో సూపర్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ ఒక పుస్తకంలో కలిసినప్పుడూ ఇంతే. నువ్వూ అదే పట్టాల మీద పోయావు. తరంగిణి చుట్టూ నీళ్లు తిరగడం చూసి, వీధి ముంచింది ఈమే అనుకుంటుంది తటిల్లత. ఒక్క మాట అడిగితే తీరిపోయే అనుమానం. నాలుగు పేజీలు తన్నుకున్నాక అడుగుతుంది. మొదటే అడగొచ్చు కదే తల్లీ అనిపిస్తుంది చదివేవాళ్లకి.

మన గయోపాఖ్యానం చూడు. గయుడనే గంధర్వుడు ఆకాశంలో పోతూ ఉమ్మితే కింద కృష్ణుడి దోసిట్లో పడింది. వాణ్ణి చంపి తీరతానని కృష్ణుడు ప్రతిజ్ఞ పట్టాడు. గయుడు ఉరికి ఉరికి అర్జునుడి కాళ్ల మీద పడి, తరుముతున్నది ఎవరో చెప్పకుండా అభయం పుచ్చుకున్నాడు. తీరా తెలిసేసరికి మాట ఇచ్చేశాడు. బావాబావమరుదులు, ప్రాణంలో ప్రాణం, ఇప్పుడు కొట్టుకోక తప్పదు. అక్కడ అపార్థం ఎక్కడుంది? ఇద్దరికీ అన్నీ తెలుసు. ఎవరి మాట వాళ్లని కట్టేసింది. స్టేజీ మీద ఆ ఇద్దరూ పద్యం మీద పద్యం విసురుకుంటుంటే మా నెల్లూరులో జనం తెల్లవార్లూ కదిలేవాళ్లు కాదు.

నీ వాళ్లకీ అలాంటి ముడి వెయ్యి. అదే వీధిలో మూడో అంతస్తులో ఆక్సిజన్ మిషన్ మీద ఒక ముసలావిడ ఉందనుకో. కరెంటు పోనివ్వనని తటిల్లత ఆవిడ మనవరాలికి మాటిచ్చింది. కింద నీళ్లలో నలభై మంది చిక్కుకున్నారు. వీధిలో కరెంటు ఉండదు, నా వెనకే నడవండి అని తరంగిణి వాళ్లకి మాటిచ్చింది. వీధి ఒకటే, ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే. ఇప్పుడు కొట్టుకోమను. నా కాఫీ చల్లారిపోయినా తల ఎత్తను.

బాట్‌మ్యాన్ టీవీ కార్టూన్లో 1993లో వచ్చిన ఒక భాగంలో హార్లీ క్విన్, పాయిజన్ ఐవీ జట్టు కడతారు. ఇద్దరూ దొంగలే, అయినా ఒకటి గమనించు. ఐవీ కాపురం విషపు చెత్త మధ్యలో. హార్లీని అక్కడికి తెచ్చాక, ఆ విషం ఆమెకి ఎక్కకుండా ఒక ఇంజెక్షన్ ఇస్తుంది. స్నేహం గురించి డైలాగులెందుకు, సూది ఉండగా? నీ తటిల్లత దగ్గర తరంగిణికి ఇవ్వడానికి ఏముంది? నాకు తట్టింది చెప్తాను, నచ్చకపోతే వదిలెయ్. రబ్బరు చెప్పులు. 'చెప్పులేసుకుని స్విచ్చి వెయ్యవే' అని కేకెయ్యని అమ్మ ఎవరికైనా ఉందా? మోకాళ్ల లోతు నీళ్లలో హవాయి చెప్పు ఎవరినీ కాపాడదని నాకూ తెలుసు. తటిల్లతకీ తెలుసు. అయినా విప్పి ఇస్తుంది. తరంగిణి పుట్టి బుద్ధెరిగాక చెప్పులేసుకోని పిల్ల. ఆమె ఆ చెప్పుల్ని ఏం చేస్తుందో నువ్వు ఆలోచించు.

ఇప్పుడు నీ కొట్టివేత దగ్గరకి వస్తాను. నీ ఇద్దరూ మొదటి ఫ్రేము నుంచీ 'నువ్వు, నువ్వు' అనుకుంటున్నారు. ముక్కూ మొహం తెలియని ఇద్దరాడవాళ్లు ఈ ఊళ్లో అలా పలకరించుకుంటారా? ఇంగ్లీషులో రాసేవాడికి ఉన్నది ఒకటే 'యూ', పాపం వాడికి వేరే దారి లేదు. మనకి 'మీరు' ఉంది, 'నువ్వు' ఉంది, ఆ రెంటి మధ్య జారుడుబండ ఉంది. ఏ ఫ్రేములో జారాలో స్క్రిప్టు మొదలెట్టకముందే తేల్చుకో. ప్రమాదంలోనే జారుతుంది. 'చెయ్యి తియ్యవే!' అని తరంగిణి అరుస్తుంది. గండం గడిచాక నాలుక్కరుచుకుని 'తియ్యండి' అంటుంది. నువ్వు నాకు రాసిన ఉత్తరంలో చేసిన పని అదే. ఆ 'వే' దగ్గర పిల్లలు నవ్వుతారు, పెద్దవాళ్లకి గొంతు కాస్త పట్టుకుంటుంది. మిగతా వంద బుడగలూ ఎలా ఉన్నా పర్వాలేదు.

అన్నట్టు తరంగిణి తెలుగు నీ తెలుగులా ఉండకూడదు. చింతాద్రిపేట 1734లో నేతగాళ్ల కోసం కూవం నది వంపులో వెలసిన పేట. తరతరాలుగా ఈ ఊళ్లోనే పాతుకుపోయిన తెలుగు ఇళ్లలో 'వస్తా ఉండా', 'చెప్తా ఉండా' అంటారు. మధ్యమధ్యలో తమిళం దొర్లుతుంది. నువ్వు ఆమె చేత 'నేను బయలుదేరుతున్నాను' అనిపించావు, టీవీలో వార్తలు చదువుతున్నట్టు. ఇంకో సంగతి, ఇది నీ కథకి చాలా పనికొస్తుంది. అలాంటి ఇళ్లలో పుట్టిన చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. బళ్లో నేర్చుకున్నది తమిళ అక్షరాలు.

ఇలా ఊహించు. తటిల్లత హడావిడిగా పోతూ గోడ మీద బొగ్గుతో రాసింది, 'ఇక్కడ నీళ్లలో దిగకండి, కరెంటుంది' అని. తెలుగులో రాసింది. తొందరలో చెయ్యి తనకొచ్చిన అక్షరాలే రాస్తుంది. తర్వాతి ఫ్రేము, తరంగిణి ఆ గోడ ముందు నిలబడింది. ఆ అక్షరాలకేసి చూసింది. వాళ్ల తాత గోడ మీద వేలాడే పాత పటం కింద ఇలాంటి గుండ్రటి అక్షరాలే ఉంటాయి, అవేంటో ఎప్పుడూ అడగలేదు. తర్వాతి ఫ్రేము, ఆమె పాదం నీళ్ల మీదకి దిగుతోంది. మాటల్లేవు. పుస్తకం పట్టుకున్నవాడు గోడ మీద రాత చదివేశాడు, ఆమె చదవలేదు. ఎంత టెన్షనో చూడు! 'దిగకే, దిగకే' అని వాడు పుస్తకంతో మాట్లాడతాడు. సినిమాలో గొంతు వినిపించాలి, నవలలో విడమర్చి చెప్పాలి. కామిక్స్‌లో అయితే అక్షరం కూడా బొమ్మే, అందుకే ఇది ఇక్కడే ఇంత బాగా పండుతుంది. పైగా ఆ తర్వాత తరంగిణి ఒప్పుకోవాలి కదా, నాకు చదవడం రాదు అని. లోకాన్ని కాపాడటం కంటే అది కష్టం. ఆ బుడగలో మూడు మాటలే పెట్టు.

బుడగలంటే గుర్తొచ్చింది. నేను మొదట్లో చేసిన ఘనకార్యం ఒకటి విను. ఒక పిల్లల పత్రికకి అక్కాచెల్లెళ్ల సాహసం రాశాను. ఒక ఫ్రేములో చెల్లెలు 'పాము ఎక్కడ?' అనాలి, అక్క 'నీ నెత్తి మీద' అనాలి. ఎవరు ఎటు నిలబడాలో స్క్రిప్టులో రాయలేదు. ఆర్టిస్టు అక్కని ఎడమ పక్క వేశాడు. అచ్చయ్యాక చూస్తే అక్క ముందే 'నీ నెత్తి మీద' అంటోంది, చెల్లెలు తీరిగ్గా 'పాము ఎక్కడ?' అని అడుగుతోంది. పాఠకుల ఉత్తరాల్లో ఆరు నెలలు దెప్పారు. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం. ముందు మాట్లాడేవాళ్లు ఎడమ పక్కనుండాలి, వాళ్ల బుడగ పైనుండాలి. ఆర్టిస్టుని తిట్టకు, నువ్వు రాసివ్వు. నీ తొమ్మిదో పేజీలో, పద్నాలుగో పేజీలో ఇదే ప్రమాదం పొంచి ఉంది, చుట్టి పెట్టాను.

మాటలు తగ్గించు. ఇంగ్లీషు కామిక్స్‌లో అన్నీ పెద్దక్షరాలు, పైనా కిందా కత్తిరించినట్టు ఒకే ఎత్తు. మనకి పైన గుడులు, కింద ఒత్తులు. రెండు లైన్ల మధ్య చోటు వదలకపోతే పై లైను ఒత్తు కింది లైను తలకట్టు మీద కూర్చుంటుంది. అందుకని నేను బుడగకి పన్నెండు మాటలు దాటనివ్వను. నువ్వు ఒక బుడగలో ముప్ఫై నాలుగు కూరావు. తరంగిణి తల కనిపించదు ఆ ఫ్రేములో, ఆమె మీద ఆమె మాటలే పడ్డాయి. చప్పుళ్లు కూడా 'బూమ్', 'జాప్' అని ఎందుకు? చిటపట, జరజర, బుడుంగు, దబ్బున, ఇన్ని పెట్టుకుని అప్పు తెచ్చుకోవడం దేనికి?

పదిహేడో పేజీ బొమ్మ మార్చినా మార్చకపోయినా చోటు మాత్రం మార్చు. పుస్తకంలో బేసి పేజీ కుడి చేతి పక్కకి వస్తుంది. పదహారు చదువుతుండగానే పదిహేడు కంట్లో పడిపోతుంది. పెద్ద బొమ్మ పేజీ తిప్పగానే తగలాలి, అంటే పద్దెనిమిది. ఫోన్లో చదివేవాళ్ల కోసం చేస్తున్నావా, అయితే ఈ గొడవే లేదు, వేలితో జరుపుకుంటూ పోతారు. ఏదో ఒకటి ముందే తేల్చుకో.

డ్రస్సుల గురించి ఒక పేజీన్నర వర్ణించావు. దాన్లో నాకు పనికొచ్చింది చున్నీ ఒక్కటే. చున్నీ తాడవుతుంది, కట్టవుతుంది, చంటిపిల్లకి ఉయ్యాలవుతుంది. మిగతాది ఆర్టిస్టుకి వదిలెయ్, కాకపోతే ఇద్దరినీ నల్లటి నీడలుగా వేసినా ఎవరెవరో తెలియాలని మాత్రం చెప్పు. ఇనుప రాక్షసుడు లేకపోయినా నీ కథకి వచ్చిన లోటేమీ లేదు. పళ్లికరణై 2022లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడినేలల జాబితాలోకి ఎక్కింది, పూడ్చిన నేల మీద వాన పడితే నీళ్లు ఎక్కడికి పోతాయో వేళచ్చేరి వాళ్లకి తెలుసు. వాన రాబోతోందంటే కార్లు తీసుకెళ్లి ఫ్లైఓవర్ మీద వరసగా పెట్టుకుంటారు. ఆ కార్ల వరస మొదటి ఫ్రేముగా వేయించు, రాక్షసుడి కంటే భయం పుడుతుంది.

ఇద్దరు హీరోయిన్ల కామిక్స్ మన వాళ్లు ఎవరు కొంటారని ఉత్తరంలో అడిగావు. నాకు పత్రికల లెక్కలు రావు. 1985లో మూర్ మార్కెట్ కాలిపోయేదాకా ఆదివారాలు అక్కడ పాత పుస్తకాల గుట్టల మధ్యే గడిపేదాన్ని, ఇంగ్లీషువి, తమిళంవి ఏది దొరికితే అది తెచ్చుకునేదాన్ని. 1984లో శివకాశి వాళ్లు తమిళంలో లయన్ కామిక్స్ మొదలెట్టినప్పుడు మొదటి సంచికకి ఎంచుకున్నది మోడెస్టీ బ్లెయిజ్‌ని, ఒక ఆడమనిషిని. ఆ లయన్ ఇప్పటికీ వస్తోంది. మన చందమామ ఇదే ఊళ్లో 1947లో పుట్టింది, చిన్నప్పుడు దాని బొమ్మలు చూస్తూ అన్నం తినేదాన్ని. రాజులూ, రాక్షసులూ, చెట్టు మీద బేతాళుడూ బోలెడు మంది. ఇద్దరాడవాళ్లు కలిసి ఒక బరువు మోసిన బొమ్మ మాత్రం నాకు గుర్తు లేదు.

వచ్చే ఆదివారం తిరగరాసిన పేజీలు పట్టుకుని రా. మొత్తం రాయక్కర్లేదు, గోడ ముందు తరంగిణి నిలబడ్డ పేజీ, చెప్పుల పేజీ, ఆ రెండూ చాలు. మాంబళం స్టేషన్లో పడమటి వైపు దిగు, తూర్పు దిగితే రంగనాథన్ వీధి జనంలో గంట పడుతుంది. నాలుగు లోపల వచ్చెయ్, ఆ తర్వాత నీళ్ల లారీ వస్తుంది, నేనూ మామీ బిందెలతో కిందే ఉంటాం. ఇప్పుడు నాది పై వాటా, ఆవిడది కింది వాటా, మోకాళ్లు నొప్పులని నన్ను పైకి పంపి తను కిందకి దిగింది.

ఇంకొకటి అడగడం మర్చిపోయాను. ఆఖరి పేజీలో ఇద్దరూ మేడ మీద నిలబడి తెల్లవారడం చూస్తున్నారని రాశావు. ఆ రబ్బరు చెప్పులు అప్పుడు ఎవరి కాళ్లకున్నాయి?

మీ పిన్ని